నంబర్ 32 టెలిస్కోపు: డ్రమ్ము కొనే ముందు చూడవలసినవి

లెస్టర్ నుంచి ఒక పాఠకుడి ఉత్తరం:

"మాస్టారికి నమస్కారం. నేను వృత్తిరీత్యా డాక్టరును. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడి రైఫిల్ క్లబ్బులో సభ్యుణ్ణి, అవసరమైన లైసెన్సులన్నీ ఉన్నాయి. గత ఏడాది ఒక వేలంలో 1944 నాటి లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 టి రైఫిలును, దాని మీద ఉన్న నంబర్ 32 మార్క్ 2 టెలిస్కోపును కొన్నాను. పక్కలకు గురి సరిచేసే డ్రమ్మును తిప్పితే లోపల గురి చూపే ముల్లు ఒక్కోసారి కదలదు, మరో రెండు క్లిక్కులు తిప్పేసరికి ఒక్కసారిగా గెంతుతుంది. రైఫిలుకు గురి కుదిర్చాక చూస్తే ముల్లు మధ్యలో ఉండక ఒక అంచుకు దగ్గరగా నిలబడుతోంది. ముందు లెన్సు అంచున, కత్తిరించిన గోరంత మేర, రంగురంగుల మరక ఉంది. టెలిస్కోపును రైఫిలుకు పట్టి ఉంచే బ్రాకెట్టు ఉంగరం స్క్రూలలో ఒకటి వేరే రకానిది. లెన్సులకు ఉండవలసిన తోలు మూతలు లేవు. బ్రాకెట్టు మీది నంబరు రైఫిలు నంబరుతో కలవడం లేదు. డ్రమ్ము కోసం ఆరు నెలలుగా వెతుకుతున్నాను. ఒక అమ్మకందారు పాడైపోయిన మార్క్ 3 టెలిస్కోపును విడిభాగాల కోసం ఇస్తానంటున్నాడు. అమెరికాలో ఒకరి దగ్గర కొత్తగా చేసిన నకలు డ్రమ్ము ఉంది. ఈ రెండింటిలో ఏది కొనమంటారు? అసలు ఇలాంటి భాగాలు ఎక్కడ దొరుకుతాయి?"

డాక్టరుగారూ, ఇప్పటికి ఆ రెండింటిలో ఏదీ కొనకండి. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీరు చెప్పిన లోపాలన్నీ ఒకే జబ్బుకు లక్షణాలని మీరు అనుకుంటున్నారు గాని, నా అంచనాలో వాటికి వేరువేరు కారణాలున్నాయి. ఆరు నెలలుగా మీరు వెతుకుతున్న డ్రమ్ము అసలు చెడిపోయి ఉండకపోవచ్చు. నిజంగా లేని వస్తువులు మీ ఉత్తరంలో స్క్రూ, మూతలు మాత్రమే. మిగిలినవాటి విషయంలో, ఉన్న భాగాన్ని పరీక్షించి నిలబెట్టుకోవడమే మొదటి పని. దొరకని భాగాల కోసం వెతికేవారు చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, చేతిలో ఉన్న అసలు భాగాన్ని పాడుచేసుకోవడం నేను చూశాను కనుక ఈ సమాధానం కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందుగా ఈ పరికరం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే భాగాలు ఎందుకు దొరకవో, ఏవి దొరుకుతాయో అందులోనే ఉంది. నంబర్ 32 టెలిస్కోపును మొదట బ్రెన్ మెషిన్ గన్ను కోసం రూపొందించారు. తరువాత దానిని దూరపు గురి కొట్టే సైనికుల నంబర్ 4 టి రైఫిలుకు అమర్చారు. ఇది 3 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్సు వ్యాసం 19 మిల్లీమీటర్లు. ఈనాటి టెలిస్కోపుల పక్కన ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గాని, సంధ్యవేళలో కూడా పనికివచ్చేలా, మోటు వాడకాన్ని తట్టుకునేలా చేసిన పరికరమిది. దీని మూడు రూపాలలో మార్క్ 1 1942లో, మార్క్ 2 1943లో, మార్క్ 3 1944లో వాడకంలోకి వచ్చాయి. ఎంపిక చేసిన రైఫిళ్ళకు టెలిస్కోపులను అమర్చే పనిలో ఎక్కువ భాగాన్ని లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ చేసింది. ఆ సంస్థ చేతి మీదుగా సుమారు 23,000 రైఫిళ్ళు వెళ్ళాయి. టెలిస్కోపుల తయారీ మాత్రం పలు సంస్థల మధ్య పంచారు. వాటిలో లీడ్స్ నగరపు కెర్షా, కెనడాలో టొరంటో దగ్గరి రీసెర్చ్ ఎంటర్‌ప్రైజెస్ లిమిటెడ్, మీరు ఉంటున్న లెస్టర్ నగరపు టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ కూడా ఉన్నాయి. ఈ చివరి సంస్థ 1886 నుంచి లెస్టర్‌లో లెన్సులు చేసింది, సినిమా కెమెరాల లెన్సులకు ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. మీ టెలిస్కోపు గొట్టం మీద ఎవరి గుర్తు ఉందో మీరు రాయలేదు. ఒకవేళ అది టి.టి.హెచ్., అంటే ఈ టేలర్ సంస్థ గుర్తు, అయితే, ఆ పరికరం పుట్టిన ఊరికే మళ్ళీ చేరుకున్నదని అర్థం.

యుద్ధం ముగిశాక ఈ రైఫిళ్ళు వెంటనే మూలపడలేదు. 1970లో వీటిలో కొన్నింటిని 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి ఎల్42ఎ1 అని పేరు పెట్టారు. వాటి మీద పెట్టిన ఎల్1ఎ1 టెలిస్కోపు, పాత నంబర్ 32 మార్క్ 3కు దూరపు కొలతలను మీటర్లలోకి మార్చిన రూపమే. దీనివల్ల మార్క్ 3 రకానికి మరమ్మతు పరికరాలు, విడిభాగాలు సైనిక వర్క్‌షాపులలో మరికొన్ని దశాబ్దాలు నిలిచాయి. ఆ తరువాత అవి మిగులు సామాగ్రిగా బయటికి వచ్చాయి. మార్క్ 1కు, మార్క్ 2కు ఆ అదృష్టం లేదు. వాటి విడిభాగాలు యుద్ధానంతర మరమ్మతులలోనే చాలావరకు ఖర్చయిపోయాయి. అమ్మకందారు మీకు మార్క్ 3 చూపిస్తున్నాడంటే ఆశ్చర్యం లేదు. దొరికేది అదే. కాని మీకు కావలసింది అది కాదు.

మార్క్ 3లో డ్రమ్ముల నిర్మాణమే వేరు. మొదటి రెండు మార్కులలో డ్రమ్మును సున్నాకు చేర్చడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, ఒకరు డ్రమ్మును పట్టుకుంటే మరొకరు తిప్పవలసినంత తిప్పలు ఉండేది. ఆ ఇబ్బందిని తీర్చడానికే మార్క్ 3లో డ్రమ్మును సులువుగా సరిచేసుకునే ఏర్పాటు పెట్టారు. కనుక మార్క్ 3 డ్రమ్ము మీ మార్క్ 2కు నేరుగా సరిపోదు. మరొక చిక్కు కూడా ఉంది. మార్క్ 1 డ్రమ్ము చూడడానికి మీదానిలాగే ఉంటుంది, కాని క్లిక్కు విలువ వేరు. మార్క్ 1లో దూరపు డ్రమ్ము 50 గజాలకు ఒక క్లిక్కు చొప్పున, పక్కల డ్రమ్ము 2 కోణ నిమిషాలకు (కోణ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఒక క్లిక్కు చొప్పున తిరుగుతాయి. మీ మార్క్ 2లో రెండూ ఒక్కొక్క నిమిషానికి ఒక క్లిక్కు. ఫోటో చూసి కొంటే ఈ తేడా కనిపించదు. అందుచేత ఎవరితో బేరమాడినా, గొట్టం మీద చెక్కిన ఓ.ఎస్. సంఖ్యను అడగండి. మార్క్ 1 మీద ఓ.ఎస్. 466 ఎ, మార్క్ 2 మీద ఓ.ఎస్. 1650 ఎ, మార్క్ 3 మీద ఓ.ఎస్. 2039 ఎ అని ఉంటుంది. విడిగా అమ్మే డ్రమ్ము మీద ఈ సంఖ్య ఉండదు కాబట్టి, అది ఏ టెలిస్కోపు నుంచి వచ్చిందో ఆ గొట్టం ఫోటో కూడా పంపమనండి. పంపడానికి వెనుకాడేవారి దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇక మీ డ్రమ్ము సంగతి. ఈ టెలిస్కోపులో డ్రమ్మును తిప్పినప్పుడు లోపలి ముల్లే జరుగుతుంది, చూపు అలాగే ఉంటుంది. డ్రమ్ముకూ ముల్లుకూ మధ్య ఒక సన్నని మర ఉంది. ఆ మరకు ఎనభై ఏళ్ళ కిందట పెట్టిన గ్రీజు ఇప్పటికి లక్కలాగా గట్టిపడి ఉంటుంది. గట్టిపడిన గ్రీజులో మర మొదట బిగుసుకుని, ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా జారుతుంది. మీరు గెంతు అన్నది సరిగ్గా ఇదే కావచ్చు. మర అరిగిపోతే లక్షణం వేరుగా ఉంటుంది. అప్పుడు ముల్లు గెంతదు. కుడికి తిప్పి మళ్ళీ ఎడమకు తిప్పేటప్పుడు, ప్రతిసారీ మొదటి ఒకటి రెండు క్లిక్కులు వృథాగా పోతాయి, ఆ తరువాత సక్రమంగా కదులుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది.

టెలిస్కోపును బ్రాకెట్టుతో సహా రైఫిలు నుంచి విప్పండి. బ్రాకెట్టును రెండు చెక్క ముక్కల మధ్య పెట్టి, వైసులో కదలనంత మాత్రమే బిగించండి. గొట్టాన్ని మాత్రం వైసులో ఎన్నడూ బిగించవద్దు. మీ క్లబ్బులో 100 గజాల దూరంలో ఒక పెద్ద అట్టను నిలబెట్టి, దాని మీద 53 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున మందమైన నిలువు గీతలు గీయండి. 100 గజాలకు ఒక కోణ నిమిషం సుమారు 26.6 మిల్లీమీటర్లు కాబట్టి, మీ టెలిస్కోపులో రెండు క్లిక్కులకు ముల్లు ఒక గీత నుంచి పక్క గీతకు జరగాలి. ఇంటి పెరట్లో 20 గజాల దూరంలో ఈ పరీక్ష చేయాలని అనిపించవచ్చు, కాని దగ్గరి దూరంలో కన్ను కొంచెం పక్కకు జరిగినా ముల్లు జరిగినట్టు కనిపించి మోసం చేస్తుంది. ముల్లును మధ్యకు తెచ్చి, కుడికి రెండేసి క్లిక్కుల చొప్పున ఐదుసార్లు తిప్పండి, తిరిగి అలాగే ఐదుసార్లు వెనక్కు రండి. ప్రతిసారీ ముల్లు కొన ఏ గీత మీద ఉందో, లేదా గీతకు ఎంత ఇవతల ఉందో కాగితం మీద రాయండి. మొత్తం పది అంకెలు వస్తాయి. వెనక్కు వచ్చేటప్పటి ఐదు అంకెలూ ఒకే కొలతలో వెనకబడి ఉంటే అది అరుగుదల. ఒకచోట ఆగి ఒకచోట గెంతి, రెండోసారి చేస్తే వేరేచోట గెంతితే అది మురికి, గట్టిపడిన గ్రీజు. ఆ రెండో సందర్భంలో మీకు కొత్త డ్రమ్ము ఏ మాత్రం అవసరం లేదు. విప్పి, శుభ్రపరచి, చలికీ వేడికీ మారని పరికరాల గ్రీజును పిసరంత పెట్టగల మనిషి కావాలి.

ఈ లోపల దయచేసి ఆ డ్రమ్మును బలవంతంగా తిప్పవద్దు. తుప్పు వదలగొట్టే స్ప్రే నూనెను అస్సలు కొట్టవద్దు. నేను సికింద్రాబాదులో సర్వే పనిముట్లు బాగుచేసే చిన్న షెడ్డులో చేరిన మొదటి సంవత్సరం, బిగుసుకుపోయిన థియోడొలైట్ మరలోకి అలాంటి నూనెనే వదిలాను. మర్నాటికి మర వదులైంది. వారం తిరిగేసరికి నూనె సన్నగా పాకి లోపలి గాజు బిళ్ళ మీద పొరలా పరుచుకుంది. ఆ పొరను తుడవబోయి బిళ్ళ మీది గీతనే చెరిపేశాను. ఆ గీత కోసం, అంటే మరో థియోడొలైట్ బిళ్ళ కోసం, తొమ్మిది నెలలు తిరిగాము. ఆ పరికరం యజమాని ఒక పల్లెటూరి సర్వేయరు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ప్రతి నెలా వచ్చి బల్ల దగ్గర నిలబడి వెళ్ళేవాడు. ఆ తొమ్మిది నెలలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ముల్లు అంచుకు నిలబడుతోందన్న మీ రెండో ఫిర్యాదుకు కారణం టెలిస్కోపులో లేదని నా నమ్మకం. ఆ కారణాన్ని మీరే మీ ఉత్తరంలో రాశారు: బ్రాకెట్టు నంబరు కలవడం లేదు. ఈ రైఫిళ్ళలో ప్రతి బ్రాకెట్టునూ ఒక్కొక్క రైఫిలుకు విడిగా కుదిర్చేవారు. రైఫిలు ఎడమ వైపున బిగించిన రెండు లోహపు మెత్తల మీద బ్రాకెట్టు కూర్చునేచోట, టెలిస్కోపు చూపూ తుపాకి గొట్టం దారీ ఒకే దిశలో ఉండేలా చేతిపనితో సరిచేసి, అప్పుడు రైఫిలు నంబరును బ్రాకెట్టు మీద కొట్టేవారు. ఒక రైఫిలుకు కుదిర్చిన బ్రాకెట్టును మరో రైఫిలుకు పెడితే అది బిగుస్తుంది, గట్టిగానే నిలుస్తుంది, కాని చూపు కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది. ఆ పక్కచూపును సరిచేయడానికి మీరు డ్రమ్మును ఒకే వైపుకు తిప్పుకుంటూ పోయారు. ముల్లు జరిగే రకం టెలిస్కోపు కనుక ముల్లు అంచుకు చేరింది. డ్రమ్మును ఎన్నిసార్లు మార్చినా ఇది మారదు. అంచుకు చేరిన మర తన చివరి చుట్ల మీద నడుస్తుంది కాబట్టి, అక్కడ ఇంకా ఎక్కువగా బిగుసుకునే అవకాశం కూడా ఉంది. ఈ విధంగా మీ మొదటి ఫిర్యాదుకు రెండోది కొంత తోడ్పడి ఉండవచ్చు.

దీనికి పరిష్కారం, ఈ రైఫిలు పని తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేత బ్రాకెట్టు కూర్చునే తీరును పరీక్ష చేయించడం. మెత్తల స్క్రూలు వదులైనా ఇదే లక్షణం వస్తుంది, కనుక ముందు వాటిని చూడమనండి. అవి గట్టిగానే ఉన్నాయంటే, బ్రాకెట్టును మీ రైఫిలుకు కుదర్చవలసి వస్తుంది. ఆ పనిలో అరగదీయడం ఉంటుంది, అరగదీసిన లోహం తిరిగి రాదు. అందువల్ల అంతకంటే ముందు మరొక ప్రయత్నం చేయండి.

మీ రైఫిలు వెనక చెక్క (మడమకట్ట) సన్నబడేచోట, అంటే చేతి పిడికిలి పట్టుకునే భాగం పైన, ఒక అంకె కొట్టి ఉంటుంది. అది రైఫిలు నంబరు కాదు, ఆ రైఫిలుకు మొదట ఇచ్చిన టెలిస్కోపు నంబరు. సైన్యంలో టెలిస్కోపును మార్చినప్పుడు పాత అంకెను గీసి కొట్టేసి కొత్త అంకెను వేసేవారు. కిటికీ పక్కన, ఏటవాలు వెలుతురులో, చెక్కను నెమ్మదిగా తిప్పుతూ చూడండి. నూనె పట్టి నల్లబడిన చెక్కలో నేరుగా కనిపించని అంకెలు, వెలుతురు పక్క నుంచి పడితే నీడలతో లేచి వస్తాయి. గరుకు కాగితంతో రుద్దవద్దు, కొత్తగా పాలిష్ వేయవద్దు, ఆ అంకెలే మీ రైఫిలు జాతకం. అక్కడి నంబరు మీ టెలిస్కోపు నంబరుతో కలిస్తే, బ్రాకెట్టు ఒక్కటే తప్పిపోయిందని తెలుస్తుంది. కలవకపోతే, మీ రైఫిలుకు చెందిన టెలిస్కోపూ బ్రాకెట్టూ జంటగా మరెవరి దగ్గరో ఉన్నాయని ఆశించవచ్చు.

ఇది వట్టి ఆశ కాదు. ఈ రైఫిళ్ళను సేకరించేవారు నంబర్ల జాబితాలను శ్రద్ధగా రాసుకుంటారు. విడిపోయిన రైఫిలూ టెలిస్కోపూ దశాబ్దాల తరువాత మళ్ళీ ఒకచోటికి చేరిన సందర్భాలు ఉన్నాయి. అందుచేత మీ ప్రకటనలో "నంబర్ 32 డ్రమ్ము కావాలి" అని రాయడం కంటే, "ఈ నంబరు గల బ్రాకెట్టు, ఈ నంబరు గల టెలిస్కోపు ఎవరి దగ్గరైనా ఉన్నాయా, నా దగ్గర ఉన్న ఈ నంబరువి మార్చుకోవడానికి సిద్ధం" అని రాయండి. మీ దగ్గర ఉన్న తప్పు బ్రాకెట్టు మరొకరికి సరైన బ్రాకెట్టు అవుతుంది. అరుదైన భాగాన్ని తన దగ్గర ఉంచుకున్న మనిషి డబ్బుకు కదలకపోయినా, తన రైఫిలు నంబరు కనిపిస్తే వెంటనే కదులుతాడు. ఎట్టి పరిస్థితుల్లోనూ పాత నంబరును గీకేసి మీ నంబరును కొట్టించవద్దు. అలా చేసిన నాడు రెండు రైఫిళ్ళ చరిత్ర ఒకేసారి చెరిగిపోతుంది.

ముందు లెన్సు మరక గురించి మీరు కంగారుపడనవసరం లేదు. ఆ లెన్సు నిజానికి రెండు గాజు ముక్కలు. వాటిని ఆ కాలంలో కెనడా బాల్సం అనే జిగురుతో అతికించేవారు. అది ఉత్తర అమెరికా అడవుల్లో పెరిగే ఒక రకం ఫర్ చెట్టు బంక. ఎండితే గాజులాగా తేటగా ఉంటుంది, వెలుతురును వంచే గుణంలోనూ గాజుకు దగ్గరగా ఉంటుంది, అందుకే వాడారు. ఏళ్ళు గడిచేకొద్దీ వేడికీ చలికీ అది అంచుల నుంచి వదులుతుంది. అక్కడ చొరబడిన సన్నని గాలిపొర వల్ల నీళ్ళ మీద నూనె పడితే కనిపించే రంగులు వస్తాయి. మీరు చెప్పినట్టు ఒక పక్కన గోరంత మేర మాత్రమే అయితే చూపుకు పెద్ద నష్టం లేదు. ఒక ఫోటో తీసి, తేదీ వేసి దాచండి. ఆరు నెలలకోసారి అదే వెలుతురులో మళ్ళీ తీయండి. మరక చుట్టూ తిరిగి ఉంగరంలా మారితే మాత్రం ఆగకూడదు. 19 మిల్లీమీటర్ల లెన్సుకు చుట్టూ 2 మిల్లీమీటర్లు పోతే మిగిలేది 15 మిల్లీమీటర్లు, అంటే వెలుతురు వచ్చే వైశాల్యంలో మూడో వంతుకు పైగా పోయినట్టు.

ఆ రోజు వస్తే లెన్సును గన్‌స్మిత్‌కు కాక, పాత బైనాక్యులర్లు, సర్వే పనిముట్లు బాగుచేసే వారికి ఇవ్వండి. ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి. విడదీసే ముందు రెండు గాజుల అంచు మీద పెన్సిలుతో ఒక గీత గీస్తారా అన్నది మొదటిది. ఆ గీత ఉంటేనే తిరిగి అదే వైపున అతకగలరు. అతికిన తరువాత రెండు గాజుల కేంద్రాలూ ఒకే రేఖ మీద ఉన్నాయని ఎలా పరీక్షిస్తారన్నది రెండోది. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవారికే లెన్సు అప్పగించండి. ఇంతలో మీరు మాత్రం స్పిరిటు గుడ్డతో ఆ లెన్సును తుడవవద్దు. యుద్ధకాలపు లెన్సుల మీద పూత ఉంటే, అది ఈనాటి పూతలంత గట్టిది కాదు. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి వదిలేయండి.

స్క్రూ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, అసలైన నష్టం జరిగేది అక్కడే. ఆ కాలపు బ్రిటిష్ పరికరాలలో బి.ఎ. అనే మర కొలత చాలా ఎక్కువగా వాడేవారు. ఇది 1884లో చిన్న పరికరాల కోసమే బ్రిటిష్ అసోసియేషన్ ఆమోదించిన కొలత. దాని మర కోణం 47.5 డిగ్రీలు. ఈనాటి మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. 4 బి.ఎ. స్క్రూ వ్యాసం 3.6 మిల్లీమీటర్లు, మెట్రిక్‌లో దానికి దగ్గరగా ఉండే స్క్రూ 3.5 మిల్లీమీటర్లు. చేత్తో తిప్పితే ఒకటిన్నర చుట్లు హాయిగా ఎక్కుతుంది. ఆ తరువాత బిగుస్తుంది. బిగిసినప్పుడు అది సరిపోయిందని అనిపిస్తుంది, నిజానికి అప్పుడే అది రంధ్రంలోని పాత మరను కోసుకుంటూ పోతుంటుంది. మీ బ్రాకెట్టులో ఉన్న వేరే రకం స్క్రూ అలాంటిదే కావచ్చు. దానిని నెమ్మదిగా తీసి, పక్కన ఉన్న అసలు స్క్రూను కూడా తీసి, రెండింటి మరలనూ ఒకదానికొకటి ఆనించి, కిటికీ వైపు పట్టుకుని చూడండి. మరల మధ్య వెలుతురు కనిపిస్తే అవి వేరు. అసలు స్క్రూను కొలిపించండి. ఆ కొలతకు సరైన స్క్రూను ఏ చిన్న లేత్ మీదనైనా చేయించవచ్చు. బి.ఎ. మరలు కోసే డైలు ఇంగ్లండులో ఇప్పటికీ అమ్ముతున్నారు, పాత ఆవిరి ఇంజన్ల నమూనాలు చేసే అభిరుచి గలవారి దగ్గర తప్పకుండా ఉంటాయి. ఇలాంటి స్క్రూను కొత్తగా చేయించుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. తల కింద, కనిపించనిచోట, ఒక చిన్న చుక్క పెట్టించండి, రేపు మీ తరువాత దానిని చూసేవారికి అది కొత్తదని తెలుస్తుంది. తోలు మూతలకూ ఇదే మాట వర్తిస్తుంది. మంచి తోలుపనివాడు చేసిన కొత్త మూతలు లెన్సును కాపాడతాయి. అసలువి దొరికేదాకా లెన్సును ఖాళీగా వదలడం అవివేకం.

ఇప్పుడు ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు వస్తాను. డ్రమ్ము మర నిజంగానే అరిగిందని పరీక్షలో తేలితే, మీరు వెతకవలసింది దుకాణాలలో కాదు, మనుషుల దగ్గర. సర్రేలోని బిస్లీ మైదానంలో జరిగే ఇంపీరియల్ మీటింగ్, ట్రఫాల్గర్ మీటింగ్ వంటి పోటీలకు పాత సైనిక రైఫిళ్ళు వాడేవారు చాలామంది వస్తారు. అక్కడికి మీ టెలిస్కోపు ఫోటోలను, ఓ.ఎస్. సంఖ్యను, నంబర్లన్నీ రాసిన ఒక కాగితాన్ని పట్టుకుని వెళ్ళండి. హిస్టారికల్ బ్రీచ్‌లోడింగ్ స్మాల్‌ఆర్మ్స్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది, ఇలాంటి ఆయుధాల అధ్యయనమే దాని పని, అందులో సభ్యత్వం తీసుకోవడం మీకు మేలు చేస్తుంది. బ్రిటిష్ సైన్యపు పరికరాలను బాగుచేయడానికి 1942లో ఏర్పడిన రీమీ (REME) అనే ఇంజనీర్ల దళంలో ఇలాంటి సున్నితమైన పరికరాల మరమ్మతు ప్రత్యేక వృత్తి. ఆ దళంలో పనిచేసి విరమించిన వృద్ధులలో ఈ టెలిస్కోపులను చేత్తో విప్పి బిగించినవారు ఇంకా ఉన్నారు. వారి పనిపెట్టెల అడుగున, పొగాకు డబ్బాలలో, స్ప్రింగులు, చిన్న స్క్రూలు, ఒకటి అరా డ్రమ్ములు ఉండడం అసాధారణం కాదు. అంతకంటే విలువైనది వారి చేతిలో ఉన్న పనితనం. వారిని భాగం అడిగే ముందు సలహా అడగండి.

వేలం జాబితాలలో "టెలిస్కోపు, అసంపూర్ణం" అనో "పాత సైనిక సామాగ్రి, ఒక పెట్టె" అనో రాసి ఉన్న వాటిని కూడా చదవండి. రైఫిలు పేరుతో వెతికేవారికి ఇవి కనిపించవు. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ భాగాలు అమ్మదు, కాని ఒకప్పటి సైనిక నమూనాల సేకరణ అంతా అక్కడే ఉంది. మీకు దొరికిన భాగం ఏ మార్కుదో తేల్చుకోవడానికి, ముందుగా రాసి సమయం తీసుకుని వెళ్ళితే సాటిలేని చోటు అది. లెస్టర్ నుంచి పెద్ద దూరం కూడా కాదు.

పాడైన మార్క్ 3 గురించి మరొక్క మాట. డ్రమ్ము సరిపోదన్నాను, అది ఒక కారణం. రెండోది, అది నిజంగా ఎంత పాడైందో తేలేదాకా దానిని విడగొట్టడానికి మనసొప్పకూడదు. గొట్టం సొట్టపోయి, లెన్సులు పగిలి, ఎవరూ నిలబెట్టలేని స్థితిలో ఉంటే దాని భాగాలు మరో నాలుగు టెలిస్కోపులను బతికించడం న్యాయమే. కాని లెన్సు మబ్బుపట్టడం, డ్రమ్ము బిగుసుకోవడం వంటి లోపాలతో ఉన్నదానిని "పాడైంది" అని విడగొట్టి అమ్మేవారు ఉన్నారు, విడిభాగాలకు మొత్తం కంటే ఎక్కువ ధర వస్తుంది కనుక. అలాంటిదానిని కొని బాగుచేసి, అది లేని రైఫిలు యజమానికి ఇచ్చి, బదులుగా మీకు కావలసినది తీసుకోవడం మంచి దారి.

అమెరికా నకలు డ్రమ్ము విషయంలో నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది చట్టానికి సంబంధించినది. తుపాకుల మీద వాడే టెలిస్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి, వాటికి అక్కడి వాణిజ్య శాఖ నిబంధనలు వర్తిస్తాయి. విడిభాగానికి అనుమతి కావాలో అక్కర్లేదో అమ్మకందారు ముందే తెలుసుకుని మీకు రాసి ఇవ్వాలి. "బొమ్మ" అనో "కెమెరా భాగం" అనో రాసి పంపుతానంటే ఒప్పుకోకండి, లైసెన్సు ఉన్న మీకే అది ముప్పు. రెండోది మర. డ్రమ్ము మీది అంకెలు ఎంత అందంగా ఉన్నా, మీ పాత మరతో దాని కొత్త మర ఒకే లెక్కలో కదలకపోతే క్లిక్కుకు ఒక నిమిషం రాదు. యుద్ధకాలపు అంకెలు లోహంలోకి కోసి రంగు నింపినవి, వేలి గోటితో తడిమితే లోతు తెలుస్తుంది. లేజరుతో వేసినవి పైపైన కాలినట్టు నున్నగా ఉంటాయి. తేడా గుర్తుపట్టడానికి ఇది చాలు.

బ్రిటన్ చట్టం ప్రకారం రైఫిలుకు లైసెన్సు కావాలి గాని, టెలిస్కోపు ఆయుధపు ముఖ్యభాగాల జాబితాలో లేదు. కనుక టెలిస్కోపును మాత్రమే మరమ్మతుకు పంపడంలో మీకు ఇబ్బంది లేదు. రైఫిలు మెత్తలను ముట్టుకునే పని మాత్రం రిజిస్టరైన డీలరు చేతనే చేయించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ జవాబు చదివేవారికి ఒక హెచ్చరిక: డాక్టరుగారి రైఫిలు వాడే .303 మన దేశంలో పౌరులకు నిషిద్ధమైన బోరు. బ్రిటిష్ వారి కాలంలో సైనిక తూటాను పౌరుల చేతికి ఇవ్వకూడదన్న నియమం వల్లనే మన దగ్గర .315 బోరు రైఫిళ్ళు వాడుకలోకి వచ్చాయి. కనుక డాక్టరుగారికి ఇస్తున్న సలహాను ఎవరూ ఇక్కడికి అన్వయించుకోకూడదు. తాతల కాలపు పెట్టెలో పాత సైనిక టెలిస్కోపో, దిక్సూచో దొరికితే, దాని అంకెలు చీకటిలో వెలిగేందుకు పూసిన పాత రంగు పొడిపొడిగా రాలుతుంటే మాత్రం దానిని విప్పకండి. ఆ రోజుల్లో అలాంటి కొన్ని పరికరాలకు రేడియం కలిసిన రంగు పూసేవారు. వెలుగు ఆరిపోయినా రేడియం ఆరిపోదు, దాని అర్ధాయువు 1,600 సంవత్సరాలు.

డాక్టరుగారూ, ముందు గొట్టం మీది గుర్తులను, పిడికిలి మీది అంకెను, బ్రాకెట్టు నంబరును ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత 100 గజాల పరీక్ష చేసి, ఆ పది అంకెలను నాకు పంపండి. వాటిని చూశాక డ్రమ్ము విప్పించాలో, ఎవరి చేత విప్పించాలో రాస్తాను. అంతవరకు టెలిస్కోపును రైఫిలు మీద కాకుండా, పొడిగా ఉన్న పెట్టెలో, రెండు చివర్లకూ శుభ్రమైన నూలుగుడ్డ కట్టి ఉంచండి.